బ్రిడ్జి దాటించే ముందు జాగ్రత్తలు

మాదాపూర్ ఆఫీసుల్లో లంచ్ బ్రేక్‌లో ఫోన్ తీసి ఈథర్ అనే క్రిప్టో కరెన్సీని లేయర్ టూకి (ఎథీరియమ్ మీద ఆధారపడి నడిచే ఇంకో నెట్‌వర్క్‌కి) పంపేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇలా ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి డబ్బు దాటించేదే బ్రిడ్జి. పంపండి, కానీ ముందు ఇవి చూసుకోండి.

☐ తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 2022 మార్చిలో రోనిన్ అనే నెట్‌వర్క్ బ్రిడ్జికి 9 మంది వ్యాలిడేటర్లు (లావాదేవీలను ఆమోదించేవాళ్లు) ఉండేవారు. డబ్బు కదలడానికి 5 సంతకాలు చాలు. హ్యాకర్లకు సరిగ్గా ఆ సంతకాలకు వాడే 5 కీలు (రహస్య కోడ్‌లు) దొరికాయి, అందులో 4 ఒకే కంపెనీవి. 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అందుకే ఎంతమంది అని కాదు, ఆ కీలు నిజంగా వేర్వేరు చేతుల్లో ఉన్నాయా అని అడగండి.

☐ కాంట్రాక్ట్‌ను, అంటే బ్రిడ్జిని నడిపే ప్రోగ్రామ్‌ను, రాత్రికి రాత్రే మార్చే అధికారం ఎవరికైనా ఉందా? లేయర్ టూల రిస్కులు చెప్పే ఎల్‌టూబీట్ సైట్‌లో చదవండి.

☐ ఆర్బిట్రమ్, ఆప్టిమిజమ్ అనే లేయర్ టూల సొంత బ్రిడ్జిలో డబ్బు వెనక్కి రావడానికి దాదాపు 7 రోజులు పడుతుంది. తప్పుడు లావాదేవీని సవాలు చేయడానికి ఉంచిన గడువది. ఈఎంఐకి దాచిన డబ్బు మాత్రం పెట్టకండి, అనవసరపు టెన్షన్.

☐ టెలిగ్రామ్‌లో వచ్చిన లింక్ నొక్కొద్దు.

☐ అప్రూవల్‌లో (మీ వాలెట్‌లోని టోకెన్లు తీసుకోవడానికి బ్రిడ్జికి ఇచ్చే అనుమతిలో) ‘అన్‌లిమిటెడ్’ అని కనిపిస్తే, పంపేంత మొత్తానికే మార్చండి.

☐ ముందు కొంచెం పంపి, అవతల చేరిందని చూశాకే మిగతాది పంపండి.