నలభై దాటాక బాస్కెట్‌బాల్: పోటీలు లేని నెలల్లో ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

నలభై దాటిన ఆటగాడికి కోర్టు మీద ముందుగా ఎదురుతిరిగేవి మోకాళ్లూ మడమలే. ఆయాసం సంగతి ఆ తరువాతే. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు వయసుతో తట్టుకునే శక్తి కోల్పోతాయి, పైగా కండరం బలపడినంత త్వరగా అవి బలపడవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం ఆడే కోర్టులు చాలావరకు సిమెంటువే కనుక, ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ దెబ్బంతా కాలే భరించవలసి వస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 39 ఏళ్ల లెబ్రాన్ జేమ్స్ అమెరికాకు స్వర్ణం సాధించిపెట్టి, ఆ పోటీల అత్యుత్తమ ఆటగాడిగా కూడా ఎంపికయ్యాడు. ఆయనకున్న వైద్యబృందం మనకు లేదు గానీ, పోటీలు లేని కాలాన్ని కాలు బలపరచుకోవడానికి వాడుకునే అవకాశం మనకూ ఉంది. మీ పోటీలు చలికాలంలో ఉంటాయనుకుంటే, జూన్ మధ్య నుంచి, విజయనగరంలో దసరా తరువాత జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దాకా, సుమారు పదహారు వారాలో, ఆ ఏటి తేదీని బట్టి అంతకు ఎక్కువో చేతిలో ఉంటాయి. ఆ వారాలను ఇలా వాడుకోవచ్చు.

మొదట పరీక్షలు, కొలతలు

బరువులు ముట్టుకునే ముందు రక్తపోటు, షుగర్, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష సీరం క్రియాటినిన్ చూపించుకోండి. నడిచినప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉన్నా, ఈసీజీ తీయించుకొని డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

క్రియాటినిన్ పరీక్షను నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మండలాల్లో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. అది చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ముదురుతుంది. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఎవరో చెప్పారని మాంసకృత్తులు పెంచుకుంటే మేలు జరగదు. అంతకన్నా ప్రమాదకరమైన అలవాటు, ఆటకు ముందు నొప్పి తెలియకుండా డైక్లోఫెనాక్ వంటి మాత్ర వేసుకోవడం. ఒంట్లో నీరు తగ్గి, చెమట ధారగా కారుతున్న వేళ ఆ మాత్ర కిడ్నీకి అందే రక్తాన్ని తగ్గిస్తుంది. దయచేసి ఆ అలవాటును ఈ నెలల్లోనే మానుకోండి.

తరువాత నాలుగు కొలతలు రాసి పెట్టుకోండి: బరువు, నడుము చుట్టుకొలత, నిద్ర లేవగానే నాడి, ఒక్కో కాలి మీద నిలబడి మడమను ఎన్నిసార్లు పూర్తిగా ఎత్తగలరనేది. కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువగా ఉంటే, బలహీనమైన కాలికి ప్రతిసారీ ఒక సెట్టు, అంటే ఆపకుండా వరుసగా చేసే ఒక విడత, అదనంగా చేయాలి.

మొదటి నాలుగు వారాలు: గోడ, మెట్టు

ఈ నెలలోనే కాదు, పదో వారం దాకా గెంతులు వద్దు. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్లు తొడలు దాదాపు నేలకు సమాంతరంగా వచ్చేదాకా కిందికి జారి, 45 సెకన్లు కదలకుండా ఉండాలి. రెండు నిమిషాల విశ్రాంతితో ఇలా ఐదుసార్లు చేస్తే, మోకాలి చిప్ప కింది టెండనుకు కుదుపు లేని బరువు అందుతుంది.

మడమ వెనుక టెండనుకు ఇంటి మెట్టు చాలు. పాదం ముందు భాగం మాత్రమే మెట్టు అంచున ఆనేటట్లు నిలబడి, గోడకు ఒక చేయి ఆనించి, రెండు కాళ్లతో పైకి లేచి, ఒంటికాలి మీద బరువు వేసి, మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ మడమను మెట్టు కన్నా కిందికి దించాలి. దించేటప్పుడు పిక్క సాగుతున్నట్లు స్పష్టంగా తెలియాలి. మడమ ధబ్బున పడితే వ్యాయామం వృథా. కాలికి పదిహేను చొప్పున మూడు సెట్లు చేయండి. నొప్పి పదికి మూడు మించకుండా, మర్నాటి ఉదయానికి సర్దుకుంటూ ఉంటే కొనసాగించవచ్చు. ఉదయం మంచం దిగగానే మొదటి అడుగులో కలుక్కుమంటే ఆ రోజు సగానికి తగ్గించండి.

అయిదో వారం నుంచి బరువులు

ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుందని వైద్యులు చెబుతారు. ఆ తరుగుదలను ఆపగలిగేది బరువులెత్తడమే. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన నేల ఇది, బరువులంటే మనకు బెరుకు ఉండనక్కరలేదు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటల విరామంతో, స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వీపు వంచకుండా ఎత్తి నిలబడడం), స్టెప్ అప్ (ఎత్తైన మెట్టు ఎక్కి దిగడం), పుషప్ చాలు. ఒక్కొక్కటి ఎనిమిది చొప్పున మూడు సెట్లు చేస్తూ, ఇంకో రెండు చేయగలననిపించే దగ్గరే ఆపేయండి.

పరుగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వయసును 0.7తో హెచ్చించి, వచ్చినదాన్ని 208 నుంచి తీసివేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా తెలుస్తుంది. నలభై ఏళ్లవారికి అది నిమిషానికి 180. అందులో 60 నుంచి 70 శాతం మధ్య, అంటే పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున సైకిలు తొక్కినా, విజయనగరంలోని అయ్యకోనేరు చెరువు గట్టు మీద వేగంగా నడిచినా సరిపోతుంది. సముద్రపు ఒడ్డున పొడి ఇసుకలో పరుగెత్తడం మడమ టెండనుకు చాలా భారం కనుక, తడిసి గట్టిపడిన ఇసుక మీదే పరుగెత్తండి.

కంచంలో చేయవలసిన మార్పు

కిడ్నీలు బాగున్నాయని తేలితే, కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. 75 కిలోల మనిషికి అది 120 గ్రాములు. వయసు పెరిగిన కండరం కొద్దిపాటి మాంసకృత్తులకు స్పందించదు కనుక, అదంతా రాత్రి కోడికూరలోనే తినేయకుండా పూటపూటకూ పంచుకోవాలి. మన ఇళ్లలో అన్నం గుట్టగా, కూర పక్కన కాస్తంతగా ఉంటుంది. ఆ కొలతలు మారాలి.

ఉదయం చోడి (రాగి) అంబలితో మూడు కోడిగుడ్లు, గ్లాసు పాలు తీసుకుంటే దాదాపు 28 గ్రాములు అందుతాయి. మధ్యాహ్నం 150 గ్రాముల చేప, పప్పు, వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నం కలిస్తే నలభై దాటుతుంది. సాయంత్రం పునుగుల బదులు 50 గ్రాముల ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు చేసుకుంటే 11 గ్రాములు వస్తాయి. రాత్రి 120 గ్రాముల కోడిమాంసం, రెండు రొట్టెలు, కప్పు పెరుగుతో లెక్క పూర్తవుతుంది. శాకాహారులు చేప, కోడి స్థానంలో మీల్ మేకరు, పనీరు, పెసలు వాడుకోవచ్చు. చోళ్లలో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. మన పెద్దలు రోజూ తాగిన అంబలిని మనం ఎందుకు వదిలేశామో నాకు అర్థం కాదు. ఎండు నెత్తళ్లలోనూ కాల్షియం బాగానే ఉంటుంది గానీ, రక్తపోటు ఉన్నవారు వాటి ఉప్పును గమనించుకోవాలి.

బరువు తగ్గవలసినవారు వారానికి అర కిలోకు మించి తగ్గకూడదు, తగ్గించేది అన్నాన్నీ నూనెనే గాని మాంసకృత్తులను కాదు. మన తీరపు ఉక్కపోతలో కసరత్తుకు ముందూ తరువాతా బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది: కిలో తగ్గితే, తరువాతి కొన్ని గంటల్లో లీటరున్నర దాకా నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగాలి. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు.

పదో వారం నుంచి కోర్టుకు

తిరిగి ఎగరడం మొదలుపెట్టేటప్పుడు గెంతులు లెక్కపెట్టుకోండి. మొదటి వారం రోజుకు ముప్పైకి మించకుండా, వారంలో రెండే రోజులు, ప్రతిసారీ రెండు కాళ్ల మీదా మోకాళ్లు వంచి చప్పుడు రాకుండా దిగాలి. లేఅప్‌కు, అంటే బుట్ట దగ్గరికి పరుగెత్తి బంతి వేయడానికి, ఒంటికాలితో ఎగిరినా, దిగేటప్పుడు రెండో కాలు కలపడం అలవాటు చేసుకోండి. మోకాలు సహిస్తూ ఉంటే వారానికి పదేసి పెంచుతూ, పద్నాలుగో వారానికి సగం కోర్టులో ముగ్గురేసి ఆడే ఆటకు, ఆపైన 28 మీటర్ల పూర్తి కోర్టుకు వెళ్లవచ్చు. ఆడే ముందు సిమెంటు మీది ఇసుక ఊడ్చుకోవాలి, అరిగిన బూట్లు మార్చుకోవాలి. పోటీలు మొదలయ్యాక కూడా బరువుల వ్యాయామం వారానికి ఒక రోజు కొనసాగించండి. తొలి ఆటల్లో పది నిమిషాల క్వార్టరు (ఆటలో నాలుగో వంతు) మొత్తం ఆడకుండా, అయిదు నిమిషాలకు బయటికి వచ్చి, తిరిగి వెళ్లేలా జట్టుతో ముందే మాట్లాడుకోండి.