టైరు చదువు – 4వ పాఠం: అన్ని కాలాలంటే ఎవరి కాలాలు?

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ గుర్తుందిగా? టార్చి పట్టుకుని అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి దిగి, మీ కారు నాలుగు టైర్ల మీదా స్టెప్నీ మీదా తయారైన తేదీ చదివి రాసుకోమన్నాను. ఈ పనిలో దాదాపు అందరికీ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. రెండు టైర్ల మీద తేదీ దొరుకుతుంది, మిగతా రెండింటి మీద ఎంత వెతికినా కనిపించదు. తప్పు మీది కాదు. డాట్ అనే మూడు అక్షరాలతో మొదలయ్యే పూర్తి కోడ్‌ని టైరుకి ఒక పక్కనే అచ్చు వేస్తారు. ఆ పక్కని లోపలికి తిప్పి బిగించి ఉంటే కారు కిందికి దూరాలి, లేదా ఫోన్‌ని చక్రం వెనక్కి పెట్టి గుడ్డిగా నాలుగు ఫోటోలు తీయాలి. నేనైతే రెండోదే చేస్తాను, నడుము సహకరించదు. చివరి నాలుగు అంకెలు 2324 అయితే 2024లో 23వ వారం. స్టెప్నీ తేదీ చూసి ఉలిక్కిపడ్డారా? డిక్కీలోంచి ఒక్కసారి బయటికి తీయకపోయినా రబ్బరుకి వయసు వస్తుంది.

ఇక ఈసారి పాఠం. దీనికి కారణం మా బావమరిది. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాడు, ఆఫీసువాళ్లు అమెరికాలో మినియాపొలిస్‌కి పంపిస్తున్నారు. వెళ్లకముందే అక్కడ ఒక సెకండ్‌హ్యాండ్ కారు చూసి పెట్టుకున్నాడు.

"బావా, టైర్లు ఆల్ సీజన్ అట. ఏడాది పొడుగునా అవే సరిపోతాయట. ఇంక టెన్షన్ లేదుగా?"

"ఏ సీజన్లు?"

"అన్నీ."

"ఎవరివి? మనవా, వాళ్లవా?"

వాడు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు, కారణం కాస్త తర్వాత చెబుతాను. ముందు రబ్బరు సంగతి చూద్దాం.

డిసెంబరులో బెంగళూరులో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తిరగేస్తే చుక్క రాదు. లోపల నూనె తెల్లగా పేరుకుని ఉంటుంది. టైరు రబ్బరు అలా ఒక్కసారిగా గడ్డకట్టదు గానీ చల్లబడేకొద్దీ బిగుసుకుంటుంది. రోడ్డు పైకి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే గరుకు. మెత్తగా ఉన్న రబ్బరు ఆ గరుకులోకి ఒదిగి పట్టు దొరికించుకుంటుంది, బిగుసుకున్న రబ్బరు పైపైనే జారిపోతుంది. మామూలు టైరుకి, అంటే ఎండనీ వాననీ దృష్టిలో పెట్టుకుని చేసినదానికి, టైరు కంపెనీలు చెప్పే హద్దు 7 డిగ్రీలు. 8 దగ్గర బాగుండి 6 దగ్గర స్విచ్ ఆపినట్టు పాడైపోదు. అక్కడినుంచి కిందికి దిగేకొద్దీ పట్టు తగ్గుతూ పోతుంది, అంతే. ఇది మంచు పడని పొడి రోడ్డు మీద కూడా నిజమే.

ఇప్పుడు మన ఊరి లెక్క చూడండి. బెంగళూరు వాతావరణ రికార్డుల్లో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న నమోదైంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో అంత చలి మళ్లీ రాలేదు. అంటే ఈ ఊళ్లో మామూలు టైరుకి ఆ హద్దు ఇంతవరకూ ఎదురుపడలేదన్నమాట. మనం స్వెటర్లు, మంకీ క్యాపులు తీసే చలి టైరుకి లెక్కలోకే రాదు. చెన్నై సంగతి వేరే చెప్పాలా! కాబట్టి మీ కారు బెంగళూరు, తిరుపతి, హైదరాబాదు దాటి పోనిదైతే మంచు టైర్ల మీద రూపాయి కూడా పెట్టకండి. చలిదేశాల కోసం మెత్తటి రబ్బరుతో చేసిన వింటర్ టైరుని మన ఏప్రిల్ ఎండలో తిప్పితే త్వరగా అరిగిపోతుంది, బ్రేకు కొట్టినప్పుడు ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. మీకు కావలసింది వానలో పట్టు. దాని గురించి రెండో పాఠంలో చెప్పుకున్నాం.

మినియాపొలిస్‌లో మాత్రం జనవరి పొద్దుటపూట మైనస్ 10 కన్నా కిందికి పోవడం మామూలు సంగతి. మన కాలాలన్నీ కలిపినా వాళ్ల ఆ ఒక్క నెల అందులో ఉండదు. రోడ్డు మీద మంచు కూడా ఉంటుంది.

ఇక్కడ మన భాష కాస్త ఇబ్బంది పెడుతుంది. గడ్డిమీద తెల్లవారుజామున పడే చుక్కలూ మంచే, లంబసింగిలో కళ్లకు అడ్డం పడే పొగా మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే, ఫ్రిజ్‌లో పేరుకున్నదీ మంచే. మనకు అవసరం పడలేదు కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. టైరుకి మాత్రం ఇవి వేరువేరు రోడ్లు. అప్పుడే రాలిన పొడిమంచు ఉంటుంది. దాని మీద బళ్లు తిరిగి అదిమేసిన గట్టిమంచు ఉంటుంది. మధ్యాహ్నానికి కరిగి, రోడ్డు మీద చల్లిన ఉప్పుతో కలిసిన బురదమంచు ఉంటుంది. రాత్రికి ఆ నీళ్లే గడ్డకట్టి అద్దంలా పరుచుకుంటే అది బ్లాక్ ఐస్. అది నల్లగా ఉండదు, కింది తారు కనిపించేంత పలచగా ఉంటుంది. తడి రోడ్డే అనుకుని మనం వెళ్లిపోతాం. వంతెనల మీద, చెట్ల నీడ పడే మలుపుల్లో ఇది ముందు పట్టి ఆలస్యంగా వదులుతుంది.

గట్టిమంచు మీద టైరు ఎలా పట్టుకుంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. బీచిలో తడి ఇసుక గుప్పిట్లో బిగిస్తే ముద్ద కడుతుంది కదా, మంచు కూడా అంతే. టైరులో రోడ్డుకి ఆనే గాళ్ల భాగాన్ని ట్రెడ్ అంటారు. ఆ ట్రెడ్ సందుల్లో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచుని పట్టుకుంటుంది. అంటే అక్కడ రబ్బరు కన్నా మంచే మంచుకి ఎక్కువ పట్టు ఇస్తుంది. అందుకే వాన టైరులో నీళ్లు బయటికి తోసేయడానికి సందులు ఉంటే, మంచు టైరులో మంచుని దాచుకోవడానికి సందులు ఉంటాయి. వాటికి తోడు ప్రతి ట్రెడ్ దిమ్మె మీద సన్నటి గాట్లు ఉంటాయి, చేపముక్కకి కారం పట్టాలని కత్తితో పెడతామే, అలాంటివి. వాటిని సైప్స్ అంటారు. టైరు దొర్లుతున్నప్పుడు ఆ గాట్లు తెరుచుకుని ఒక్కో అంచు గోరులా గీరుతుంది. టైరు అరిగితే ఈ సందులూ గాట్లూ లోతు తగ్గిపోతాయి. మన దేశంలో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. మంచు మీద దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. 4 మిల్లీమీటర్ల దగ్గరే ఆ టైరుకి మంచు పని అయిపోయినట్టు లెక్క. ఆస్ట్రియాలో చలికాలపు టైరుకి చట్టమే 4 మిల్లీమీటర్లు అడుగుతుంది. అమెరికాలో లోతుని అంగుళంలో 32వ వంతుల్లో చెబుతారు, అక్కడ 5 అంటే మన 4 మిల్లీమీటర్లు అనుకోండి.

ఇప్పుడు అసలు చదువు, గుర్తులు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద రెండు వెతకాలి.

మొదటిది ఎం, ఎస్ అనే రెండు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, మధ్యలో ప్లస్ గుర్తు. మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు. పేరు గంభీరంగా ఉంటుంది. కానీ ఇది ట్రెడ్ ఆకారాన్ని చూసి కంపెనీయే వేసుకునే గుర్తు. సందులు ఇంత వెడల్పుగా, ఇంత శాతం ఉంటే చాలు, మంచు మీద నడిపి చూపించక్కర్లేదు. రబ్బరు ఏదైనా కావచ్చు. మీ బేస్‌మెంట్‌లో ఎస్‌యూవీల పక్కన నిలబడి చూడండి, కొన్నిటి మీద ఈ అక్షరాలు కనబడతాయి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ తప్ప ఇంకేమీ ఎరగని బళ్లు అవి.

రెండోది అక్షరం కాదు, బొమ్మ. మూడు శిఖరాల కొండ గీత, దాని లోపల ఆరు కొమ్మల మంచురేకు. ఇది 1999లో ఉత్తర అమెరికాలో వచ్చింది. ఈ బొమ్మ వేయాలంటే టైరుని నిజంగా మంచు మీద నడిపి పరీక్షించాలి. అదిమిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు చూపించే పట్టు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ చూపించాలి. జర్మనీలో 2024 అక్టోబరు 1 నుంచి మంచు రోడ్ల మీదికి ఈ బొమ్మ లేని టైరుతో, ఉత్త ఎం ప్లస్ ఎస్‌తో వెళ్లడం కుదరదు. కెనడాలోని క్యూబెక్‌లో, అక్కడ నమోదైన కార్లకి, డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి.

బొమ్మ ఉంది కదా అని నిద్రపోకండి. అమెరికాలో దీనికి మూలమైన పరీక్ష బండిని ముందుకు లాగే పట్టుని కొలుస్తుంది. మలుపులో ఎలా ఉంటుందో, బ్లాక్ ఐస్ మీద ఎలా ఉంటుందో అది చెప్పదు. ఆ 10 శాతం హద్దు కాస్త దాటినదీ, బాగా దాటినదీ ఒకే బొమ్మ వేసుకుంటాయి. పదో తరగతిలో పాసు మార్కులతో గట్టెక్కినవాడికీ, ఫస్ట్ క్లాసు వాడికీ సర్టిఫికెట్ ఒకటే అన్నట్టు.

పేర్ల గందరగోళం కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఆల్ సీజన్ అనే పేరుతో గుడ్‌ఇయర్ కంపెనీ 1977లో టియెంపో అనే టైరు తెచ్చింది. అప్పటినుంచి అమెరికాలో ఆ పేరు పాతుకుపోయింది. అక్కడ ఆల్ సీజన్ అంటే ఎక్కువగా ఉత్త ఎం ప్లస్ ఎస్ టైరే. కొండ బొమ్మ కూడా ఉండి ఏడాదంతా వాడుకునేదాన్ని అక్కడా కెనడాలోనూ ఆల్ వెదర్ అంటారు. యూరప్‌లో మాత్రం ఆల్ సీజన్ అంటే సాధారణంగా బొమ్మ ఉన్నదే. ఒకే పేరు, సముద్రం దాటితే వేరే సరుకు. అందుకే పేరు వదిలేయండి, బొమ్మ చూడండి.

నాకు నవ్వు రాకపోవడానికి కారణం చెబుతానన్నాను. టొరంటో పక్కన రెండేళ్లు ఉన్నాను. మొదటి అక్టోబరులో పాత కారు కొన్నాను. అమ్మినాయన "ఆల్ సీజన్ టైర్లు, బాగున్నాయి" అన్నాడు, నేను తలూపాను. నవంబరులో మొదటి మంచు పడిన సాయంత్రం, గంటకి 30 కిలోమీటర్ల వేగం, ముందు రెడ్ సిగ్నల్. బ్రేకు నొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) కాలికింద కరకరమని కొట్టుకుంది, కారు మాత్రం ఆగలేదు. తీరిగ్గా, మర్యాదగా జారుకుంటూ కూడలి మధ్యలోకి వెళ్లి నిలబడింది. దేవుడి దయవల్ల పక్కనుంచి బండి రాలేదు. ఇంటికొచ్చి చూస్తే ఎం ప్లస్ ఎస్ ఉంది, బొమ్మ లేదు, ట్రెడ్ 3 మిల్లీమీటర్లు. సైడ్‌వాల్ మీద అంతా రాసే ఉంది, నేనే చదవలేదు.

మరి ఏది కొనాలి? ఉండే ఊళ్లో ఏడాదిలో అతి చల్లటి పొద్దునని లెక్కలోకి తీసుకోండి, సగటు చలిని కాదు. 7 కన్నా కిందికి దిగకపోతే మామూలు టైరు. చలి ఉన్నా మంచు ఎప్పుడో రెండు మూడు రోజులు పడి, మునిసిపాలిటీ వెంటనే ఊడ్చేసే ఊరైతే కొండ బొమ్మ ఉండి ఏడాదంతా వాడుకునే టైరు హాయి. నెలల తరబడి మంచు ఉండి, పొద్దున్నే ఐదింటికి డ్యూటీకి బయల్దేరాల్సినవాళ్లకి మాత్రం నా మాట: విడిగా వింటర్ టైర్ల సెట్టు కొనండి. ఏడాదంతా వాడే టైరు ఎంత మంచిదైనా రెండు పడవల మీద కాళ్లు పెట్టినదే, ఎండలో మామూలు టైరుకీ, ఐసు మీద వింటర్ టైరుకీ సాటిరాదు. రెండు సెట్లంటే డబ్బు దండగ అనుకుంటారు. ఒక సెట్టు తిరుగుతుంటే రెండోది మూలన ఉంటుంది, అరుగుదల పంచుకుంటాయి. పెట్టుకోవడానికి చోటే అసలు సమస్య. మా బావమరిదికి అపార్ట్‌మెంట్, స్టోర్ రూమ్ లేదు. అందుకని బొమ్మ ఉన్న ఆల్ వెదర్ నాలుగు కొత్తవి వేయించుకోమన్నాను, కారు ధరలో ఆ మేరకు తగ్గించమని అడగమన్నాను.

నాలుగూ అన్నాను, రెండు కాదు. ఇంజిన్ లాగేది ముందు చక్రాలనే కదా అని ముందు రెండింటికే మంచి టైర్లు వేస్తే, మలుపులో బ్రేకు కొట్టగానే వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. "మాది ఫోర్ వీల్ డ్రైవ్" అనేవాళ్లకి కూడా ఒక మాట. అది కదలడానికి సాయం చేస్తుంది. ఆగడానికి ఏ కారుకైనా ఉన్నవి నాలుగు టైర్లే.

గాలి కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 20 డిగ్రీల మధ్యాహ్నం 33 కొట్టించిన టైరు మైనస్ 15 పొద్దుటికి 27 చూపిస్తుంది. పంచరేమో అని కంగారుపడకండి, గాలి కొట్టించండి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

బెంగళూరునుంచి కారేసుకుని మనాలి వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లకి టైర్లు మార్చమని చెప్పను. మంచు పడిన రోజుల్లో అటల్ టన్నెల్ వైపు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లనీ చక్రాలకి మంచు గొలుసులు కట్టిన బళ్లనీ తప్ప పోనివ్వకపోవడం మామూలే. గొలుసు మీ టైరు సైజుకి సరిపోయేది కావాలి, ఇంజిన్ లాగే చక్రాలకి కట్టాలి, మంచు అయిపోగానే విప్పేయాలి. దాన్ని మొదటిసారి కొండ మీద గడ్డకట్టిన వేళ్లతో కట్టే ప్రయత్నం చేయకండి. ఇక్కడే పార్కింగ్‌లో రెండుసార్లు కట్టి విప్పండి. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఈ వారం హోంవర్క్: మీ బేస్‌మెంట్‌లో పది కార్ల టైర్లు చూసి, ఎం ప్లస్ ఎస్ ఎన్నిటికి ఉందో, కొండ బొమ్మ ఎన్నిటికి ఉందో రాయండి. రెండో గడిలో సున్నా రావడానికే అవకాశం ఎక్కువ. విదేశాల్లో మీవాళ్లుంటే వాళ్ల టైరు సైడ్‌వాల్ ఫోటో ఒకటి వాట్సాప్‌లో తెప్పించుకుని, సైజు, తేదీ, గుర్తు మూడూ మీరే చదివి వాళ్లకి చెప్పండి. అయిదో పాఠంలో జేసీ రోడ్డు టైరు షాపుకి వెళ్దాం. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ బిల్లులో ఏది అవసరమో, ఏది కాదో అక్కడ చూద్దాం.