పాత కేసు, కొత్త డీఎన్ఏ – 4వ పాఠం: మరకను కత్తిరించడం

పోయిన పాఠంలో కేసు ఫైలు చదివి, ఏ వస్తువును పరీక్షకు పెట్టాలో తేల్చుకున్నాం. ఇప్పుడు దాన్ని విప్పుదాం. తిరుపతిలో ఒక పోలీసు స్టేషన్ మాల్‌ఖానాలో (కేసుల వస్తువులు దాచే గదిలో) 20 ఏళ్లుగా పడి ఉన్న రక్తపు మరకల తువ్వాలు అనుకోండి (ఊహించిన కేసే).

కాగితం కవరులో ఆరబెట్టి పెట్టి ఉంటే ఆశ ఉంది. తడి గుడ్డను పాలిథిన్ సంచిలో మూటకట్టి ఉంటే మన నవంబరు, డిసెంబరు వానల చెమ్మకు బూజు పట్టి, సూక్ష్మజీవులు డీఎన్ఏను తునకలు చేసేసి ఉంటాయి. పాత లక్క సీలు మాత్రం చెదరనీయకండి. దాని గుర్తును పంచనామాతో సరిచూసి, ఫొటో తీసి, కవరును రెండో వైపు నుంచి కోయండి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ చేసేటప్పుడు అవతలి లాయర్లు మొదట సీలు మీదే పడతారు.

బల్ల తుడవడానికి ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. 10 నిమిషాలు ఆగి నీళ్లతో, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. మధ్యలో నీళ్లు మానేస్తే మిగిలిన బ్లీచ్ మీ మరకనే తినేస్తుంది, ఆల్కహాల్‌తో కలిసి విషపదార్థాలూ పుట్టిస్తుంది.

రక్తమా కాదా చూడటానికి మరక అంచును వడపోత కాగితంతో రుద్ది, ఆ కాగితం మీదే ఫినాల్ఫ్తలీన్ చుక్క, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయాలి. వెంటనే గులాబీ రంగు వస్తే రక్తం కావచ్చు. పెరాక్సైడ్ వేయకముందే వచ్చినా, నిమిషం గడిచాక వచ్చినా లెక్కలోకి రాదు. ముల్లంగి రసం కూడా మోసం చేస్తుంది.

ఇక కత్తెర. 3 నుంచి 5 మిల్లీమీటర్ల చదరపు ముక్క చాలు. కనీసం సగం మరక మిగలాలి, రెండో ల్యాబుకు, నిందితుడి తరఫు లాయరుకు అది కావాలి. మరక లేని చోట కూడా ఒక ముక్క తీయండి. అక్కడా అదే డీఎన్ఏ దొరికితే అది మరకది కాకపోవచ్చు, తువ్వాలు వాడినవాళ్లది కావచ్చు.

పీసీఆర్‌కు (డీఎన్ఏ భాగాలను లక్షల కాపీలు చేసే పద్ధతికి) సాధారణంగా ఒక నానోగ్రాము డీఎన్ఏ సరిపోతుంది. పాత నమూనాల్లో పొడవాటి భాగాలు ముందు పోతాయి, పొట్టివి మిగులుతాయి. ఫలితం గ్రాఫులో శిఖరాలు కుడివైపుకు, అంటే పొడవాటి భాగాల వైపుకు, వెళ్లేకొద్దీ పొట్టివైపోతుంటే అదే కారణం. అప్పుడు మినీ ఎస్‌టీఆర్ కిట్ (పొట్టి భాగాలనే చదివేది) అడగండి. జీన్స్ ప్యాంట్ల నీలిమందు, మట్టి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. అలాంటప్పుడు నమూనాను పలుచన చేసి మళ్లీ నడపడం మంచిది. పీసీఆర్ సైకిళ్లు (కాపీలు చేసే విడతలు) పెంచితే ఫలితం వస్తుందనుకోవడం ఆశ మాత్రమే, పక్కవాళ్ల డీఎన్ఏ కూడా పైకి తేలుతుంది.

అందుకే వస్తువును ముట్టుకున్న పోలీసులు, డాక్టరు, ల్యాబు సిబ్బంది నమూనాలు విడిగా ఉంచుకోవాలి. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో 40 దాకా నేరాల్లో ఒకే స్త్రీ ఉందని వెతికి వెతికి, 2009లో ఆమె స్వాబులు (నమూనా తీసే దూది పుల్లలు) తయారుచేసే చోట పనిచేసే మనిషని తేలింది!

అభ్యాసం: పాత తువ్వాలు మీద టీ మరక చేయండి. దాని పటం గీసి, ముక్కలకు అంకెలు వేసి, కత్తిరించి, విడివిడి కాగితం కవర్లలో పెట్టి తేదీ, సంతకం రాయండి. మరునాడు వేరొకరు మీ పటం చూసి ప్రతి ముక్కనూ దాని చోట పెట్టగలిగితే 5వ పాఠానికి, అంటే గ్రాఫు చదవడానికి, రండి.