శివారు విభాగానికీ నీరు అందాలంటే: గోదావరి డెల్టాలో కళా, డిజైన్ విభాగాధిపతులు జట్టుగా పనిచేసే పద్ధతి

నేను విభాగాధిపతిగా బాధ్యత తీసుకున్న మొదటి ఏడాదే మా విభాగానికి ఒక విద్యుత్ బట్టీ వచ్చింది. మట్టిబొమ్మలు కాల్చడానికి ఆవం పేర్చుకునే ఇబ్బంది ఇక తప్పిందని విద్యార్థులు సంతోషించారు. తీరా బిగించబోయేసరికి దానికి కావలసిన త్రీ ఫేజ్ కరెంటు మా భవనానికి లేదని తేలింది. లోడు పెంచమని రాసిన ఉత్తరం ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి తిరుగుతూ ఉండగా, బట్టీకి టార్పాలిన్ కప్పి వరండా మూలన ఉంచాము. రెండు వానాకాలాలు గడిచేసరికి తలుపు బందులు తుప్పు పట్టాయి, ఇటుకల సందుల్లో చెమ్మ చేరింది. ఆ తరువాత విద్యార్థుల పనులు చూసి మార్కులు వేసే జ్యూరీకి పరీక్షకుడిగా ఏటి అవతలి కళాశాలకు వెళ్లినప్పుడు, అదే రకం బట్టీ చక్కగా బిగించి ఉండి, మట్టిపని నేర్పే అధ్యాపకుడు లేక ఖాళీగా కనిపించింది. అక్కడి విభాగాధిపతి నా మాట విని, "ఒక్క ఫోను చేసి ఉంటే మీ పిల్లల బొమ్మలు ఇక్కడే కాల్చి పంపించేవాళ్లం కదండీ మాష్టారూ" అన్నారు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క నదీపాయ. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడం వల్ల రెండు బ్యాచ్‌ల విద్యార్థులు నష్టపోయారు.

భౌతికశాస్త్ర విభాగానికో వాణిజ్యశాస్త్ర విభాగానికో అధిపతి అయినవారికి సందేహం వస్తే, పక్క కళాశాలలో అదే పని చేసే మనిషి సులువుగా దొరుకుతారు. చిత్రకళ, శిల్పం, వస్త్ర రూపకల్పన, గ్రాఫిక్ డిజైన్ వంటి విభాగాలు ఉన్నచోట ఒక్కటి ఉంటాయి, లేనిచోట అసలే ఉండవు. టర్పెంటైన్ బిల్లు ప్రతి నెలా ఎందుకు వస్తుందో, ఒక్కో విద్యార్థికి అంత స్టూడియో స్థలం ఎందుకు కావాలో, పరీక్ష మూడు గంటల్లో ముగియకుండా రోజుల తరబడి ఎందుకు సాగుతుందో రిజిస్ట్రారుగారికీ అకౌంట్సు విభాగానికీ వివరించే భారమంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. పైగా ఆ ఒక్కరు స్వతహాగా చిత్రకారులో శిల్పులో అయి ఉంటారు. మంజూరు కోసం పై అధికారులకు పంపే నోట్ ఫైలు ఎలా నడపాలో వారికి ఎవరూ నేర్పి ఉండరు. విభాగాధిపతులు, ఇన్‌ఛార్జులు, డీన్లు తమకు తాముగా ఒక జట్టు కట్టుకోవడానికి ఉపకరించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. అమెరికాలో కళా, డిజైన్ విద్యాసంస్థలు 1944లోనే నాస్యాడ్ అనే సంఘంగా ఏర్పడి ప్రమాణాలు నిర్ణయించుకున్నాయి. ఐరోపాలో 1990లో మొదలైన క్యుములస్ నేడు అనేక దేశాల డిజైన్ విశ్వవిద్యాలయాలను కలుపుతోంది. మనకు అంత పెద్ద నిర్మాణం ఇప్పుడే అవసరం లేదు. పది మంది చాలు.

జాబితా జిల్లాల వారీగా వద్దు

మొదటి పని జాబితా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయిన తరువాత డెల్టాలోని కళాశాలలు తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల్లోకి పంచుకుపోయాయి; యానాం అయితే పుదుచ్చేరిలో భాగం. జిల్లా పేరును బట్టి వెతికితే సగం మంది దొరకరు. రాజమహేంద్రవరం నుంచి కాలువల వెంట దిగుతున్నట్టుగా ఒక్కొక్క ఊరినీ గుర్తుచేసుకుంటూ రాయండి. విభాగం పేరు చూసి ఎవరినీ వదలకండి. ఒకచోట ఫ్యాషన్ డిజైన్ హోమ్ సైన్స్ కింద ఉంటుంది, మరొకచోట మల్టీమీడియా కంప్యూటర్ విభాగం కింద ఉంటుంది, ఇంకొకచోట బొమ్మలు నేర్పే ఒకే ఒక్క అధ్యాపకుడు ఆర్కిటెక్చర్ కళాశాలలో ఉంటారు. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలా, మరొక విశ్వవిద్యాలయానివా, స్వయంప్రతిపత్తి కలవా అన్న తేడా కూడా ఈ జాబితాలో చూపించనక్కరలేదు.

తరువాత ప్రతి ఒక్కరినీ స్వయంగా వెళ్లి కలవండి. ఉత్తరం రాస్తే అది ప్రిన్సిపాల్‌గారి టపాలో కలిసిపోతుంది, ఫోను చేస్తే మర్యాదపూర్వకమైన జవాబు వస్తుంది, అంతకు మించి కదలిక ఉండదు. నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లి ఒకరి స్టూడియోలో గంటసేపు కూర్చుంటే, వారి గోడల మీద ఏముందో, కిటికీకి ఏ పక్క నుంచి వెలుతురు వస్తుందో, బీరువాలో ఏ కాగితం బూజు పడుతోందో మీకే కనిపిస్తుంది. ఆ చెమ్మ మీ దగ్గరా ఉన్నదే కాబట్టి మాట అక్కడే మొదలవుతుంది.

మొదటి సమావేశం

వేసవి సెలవుల్లో పెట్టకండి, ఎవరూ ఊళ్లో ఉండరు. వరదల కాలంలోనూ వద్దు. జులై నుంచి సెప్టెంబరు వరకు లంక గ్రామాల నుంచి వచ్చే విద్యార్థుల రాకపోకలు చూసుకోవడమే విభాగాధిపతికి ఒక పని. కార్తీక మాసం అన్ని విధాలా అనుకూలం. వనభోజనాలకు ఎలాగూ కలుస్తాము కాబట్టి, ఒక ఆదివారం ఎవరి స్టూడియోలోనైనా ఉదయం కూర్చుని, మధ్యాహ్నం అక్కడే విస్తళ్లు వేసుకోవచ్చు. కమిటీ హాలు వద్దనే నా సలహా. హాలులో పొడవాటి బల్ల ఉంటుంది, బల్లకు ఒక కొస ఉంటుంది, ఆ కొసన ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నతోనే ఉదయం గడిచిపోతుంది. ముఖ్య అతిథి, శాలువా, జ్యోతి ప్రజ్వలన ఈ సమావేశానికి అక్కరలేదు.

ప్రతి ఒక్కరూ ఒకే ఒక్క పుట రాసుకుని రావాలి. మా దగ్గర ఏమున్నది, ఏమి లేదు, నన్ను రాత్రిపూట నిద్రపోనివ్వని సంగతి ఏమిటి అన్న మూడు విషయాలు అందులో ఉంటే చాలు. స్టాక్ రిజిస్టరు నకలు కూడా తెమ్మనండి. ముద్రణ యంత్రం, మగ్గం, బట్టీ, మంచి కెమెరా, పెద్ద ప్రింటరు ఎవరి దగ్గర ఉన్నాయో ఒక కాగితం మీదికి వచ్చిన రోజునే జట్టు సగం ఏర్పడినట్టు. చదివేటప్పుడు చిన్న విభాగం వారే ముందు చదవాలన్న నియమాన్ని గట్టిగా పాటించండి. పెద్ద విభాగం ముందు మాట్లాడితే చిన్నవారు తమ పుటను మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

వంతు పద్ధతి

నాయకత్వం ఎవరిదన్న విషయంలో మనం బయట నుంచి అరువు తెచ్చుకోవలసింది ఏమీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు పది లక్షల ఎకరాలు ఒకే నది మీద బతుకుతున్నాయి. రెండో పంట అయిన దాళ్వాలో నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతుల వారీగా వదులుతారు. ఎగువ రైతు తన చేను తడిసిన తరువాత తూము దించకపోతే కాలువ చివరన ఉన్న శివారు చేను ఎండిపోతుందని ఇక్కడ ప్రతి రైతుకూ తెలుసు. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకూ ఇదే పెద్ద పరీక్ష. మన జట్టులోనూ ఎగువ, శివారు ఉన్నాయి. నగరంలో ఉన్న విభాగానికి గ్రాంటు వార్త ముందు తెలుస్తుంది, వచ్చిన చిత్రకారుడు ముందు అక్కడే ఆగుతారు, కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం రాకపోకల కబురూ అక్కడికే ముందు చేరుతుంది. శివారున ఒక్క అధ్యాపకుడితో, ఇద్దరు గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే విభాగానికి అన్నీ గడువు దాటాకే చేరుతాయి.

అందుచేత కన్వీనరు బాధ్యత ఏడాదికి ఒకరికి, మూడు డెల్టాలకూ వంతుల వారీగా తిరగాలి, మొదటి వంతు శివారు విభాగానికి ఇవ్వాలి. అనుభవం లేదని వారు వెనుకాడితే, అనుభవం ఉన్నవారు ఆ ఏడాది వారికి గుమాస్తాగా కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టాలి. ఇది నామమాత్రపు మర్యాదగా మిగలకూడదు. బయటి చిత్రకారుడు ఎవరైనా డెల్టాకు వస్తే మొదటి రోజు ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం కన్వీనరుకు ఉంటే, వంతు అన్న మాటకు అర్థం ఉంటుంది.

నోట్ ఫైలు ఇచ్చిపుచ్చుకోవడం

జట్టు వల్ల అన్నింటికన్నా ఎక్కువ మేలు కలిగేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఒక ఏడాది మా విద్యార్థులకు అల్లిక నేర్పడానికి నరసాపురం ప్రాంతం నుంచి ఒక లేసు పనివారిని పిలిచాము. ఆమె దారాన్ని ఎడమచేతి చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా లాగి, సూది వైపు చూడకుండానే గొలుసులు లెక్కపెడుతూ, మధ్యమధ్య పిల్లల చేతుల్లోకి చూసి "బిగించకమ్మా, దారానికి ఊపిరాడాలి" అనేవారు. మూడు రోజుల్లో మా పిల్లలు నేర్చుకున్నది, మేము ఒక సెమిస్టరులో చెప్పినదానికన్నా ఎక్కువ. ఆమెకు ఇవ్వవలసిన గౌరవ వేతనం మాత్రం, విద్యార్హత అన్న గడి ఖాళీగా ఉందన్న కారణంతో ఫైలు వెనక్కి వచ్చి, నాలుగు నెలలు ఆగిపోయింది. ముక్కకు ఇంత అని కూలి తీసుకునే మనిషి మూడు రోజుల పని మానుకుని వచ్చి, ఆ డబ్బు కోసం మరో రెండుసార్లు బస్సెక్కవలసి రావడం నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

మరొక కళాశాల విభాగాధిపతి ఈ చిక్కును అప్పటికే విప్పారని తరువాత తెలిసింది. కళాకారులను, చేతిపనివారిని విద్యాసంస్థల్లో నియమించుకునేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది; వారిని పరమేష్ఠ గురువు, పరమ గురువు, గురువు అనే మూడు శ్రేణులుగా గుర్తించింది. 2022 నాటి ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం, తమ రంగంలో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారిని డిగ్రీ తప్పనిసరి అన్న నిబంధన లేకుండా, మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకుండా తీసుకోవచ్చు. ఆయన వీటిని ఉటంకిస్తూ తమ పాలక మండలి చేత ఒక తీర్మానం చేయించారు. ఆ నోట్ నకలు జతచేసి మేము పంపిన తరువాతి ఫైలు వారం రోజుల్లో సంతకమై వచ్చింది.

మీ జట్టులో ఆమోదం పొందిన ప్రతి నోట్ ఫైలునూ ఒకచోట భద్రపరచండి. జ్యూరీ పద్ధతికి, పాఠ్యప్రణాళిక చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఇచ్చిన ఆమోదం, బొమ్మ గీయడానికి కూర్చునే మోడల్‌కు చెల్లించే మొత్తానికి సంబంధించిన ఉత్తర్వు, స్టూడియోను ప్రయోగశాలగా గుర్తించమని రాసిన లేఖ ఇందులో ముఖ్యమైనవి. తిరస్కరించిన నోట్లు కూడా ఉంచండి, ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో తెలుస్తుంది. చేతిపనివారిని పిలిచే ముందు వారి పారితోషికం మంజూరై ఉండాలన్నది జట్టంతటికీ నియమం కావాలి. నరసాపురం లేసుకు 2024లో, డెల్టా అంచున ఉన్న ఉప్పాడ జాందానీ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపును మన బ్రోచర్ల మీద అచ్చువేసుకునే ముందు, ఆ చేతులకు సకాలంలో డబ్బు ఇవ్వగలగాలి.

అభిప్రాయభేదాలు తప్పవు, ముఖ్యంగా ప్రవేశాల సమయంలో. ఒకే ఊరి విద్యార్థుల కోసం రెండు కళాశాలలు పోటీపడతాయి. సీట్ల సంగతి సమావేశంలో మాట్లాడకూడదని ముందే అనుకుంటే చాలు.

మనిషి పోయినా నిలిచేది

బ్రిటిష్ కాలంలో రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపేందుకు ఆయన పూనుకున్నారు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యులే, తరువాత బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో మరణించారు. ఆయన నెలకొల్పిన చిత్రకళా పాఠశాలను ఆగిపోనివ్వకుండా మిత్రులు, శిష్యులు నడిపించారు. ఆయన చిత్రాలు ఈనాటికీ అదే ఊళ్లో, ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. ఒక్కరి శ్రద్ధ మీదే ఆధారపడి ఉంటే, ఆ బొమ్మలు ఎప్పుడో చెదిరిపోయేవని నా అభిప్రాయం.

మన విభాగాల్లో అధిపతి మారగానే ఫోను నంబర్లు, సరఫరాదారుల పేర్లు, సగంలో ఉన్న ఫైళ్లు అన్నీ ఆయనతోనే వెళ్లిపోతాయి. అందువల్ల ప్రతి విభాగాధిపతీ ఒక అప్పగింత పుస్తకం రాయాలి, దాని నకలు జట్టులోని మరొకరి దగ్గర ఉండాలి. అందులో ఏ యంత్రానికి ఏ మెకానిక్ వస్తారో, ఏ నెలలో ఏ ఇండెంట్ పెట్టాలో, ఏ గదిలోకి వాననీరు దిగుతుందో రాయండి. కొత్తగా వచ్చినవారికి మొదటి ఆరు నెలలు జట్టులో ఒకరిని తోడుగా కేటాయించండి. ఆ తోడు వేరే కళాశాల వారై ఉంటేనే, కొత్తవారు తమ ప్రిన్సిపాల్‌గారి గురించి కూడా మనసు విప్పి అడగగలుగుతారు. నా పుస్తకంలో మొదటి పుట ఆ బట్టీ గురించే: దాని వాటేజీ, త్రీ ఫేజ్ మంజూరు ఉత్తర్వు నంబరు, మనది పాడైతే ఏటి అవతల ఎవరికి ఫోను చేయాలో.