ల్యాండింగ్ లైట్ వెలగలేదా? ఫ్యూజు మాత్రం పెంచకండి

పోయిన నెల మా ఎయిర్‌పోర్టులో ఒక లైట్ స్పోర్ట్ విమానం (చిన్న, తేలికపాటి విమానం) నేలమీద టాక్సీ చేస్తుండగా కాక్‌పిట్‌లోకి పొగ వచ్చింది. పైలట్ వెంటనే ఇంజిన్ ఆపి, మాస్టర్ స్విచ్ కట్టేసి దిగిపోయారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత ప్యానెల్ విప్పి చూస్తే, ల్యాండింగ్ లైట్‌కి వెళ్లే వైరు రెక్క మొదట్లో మూరెడు పొడవున కాలి నల్లబడి ఉంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ ఉండాల్సింది 7.5 ఆంప్‌ల ఫ్యూజు, ఉన్నది 20 ఆంప్‌లది.

అమెరికాలో లైట్ స్పోర్ట్ విమానాలు నడిపే మనవాళ్లకు ఇది ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 22 నుంచి స్పోర్ట్ పైలట్లు (ఇలాంటి చిన్న విమానాలకే లైసెన్సు ఉన్నవాళ్లు) కూడా తగిన శిక్షణ, ఇన్‌స్ట్రక్టర్ ఎండార్స్‌మెంట్ (సంతకంతో ఇచ్చే అనుమతి), మెడికల్ సర్టిఫికెట్ లేదా బేసిక్‌మెడ్ (దాని బదులు పనికొచ్చే సులభమైన వైద్య అర్హత) ఉంటే రాత్రి ఎగరొచ్చు. అంతకుముందు వాళ్లకు ఆ అవకాశమే లేదు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరిపాక, ఆఫీసు అయిపోయి ఎయిర్‌పోర్టుకు చేరేసరికే చీకటి పడుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని లైట్ల స్విచ్‌లు అప్పుడు వేస్తారు. సగం వెలగవు. విప్పడం మొదలుపెడతారు.

విప్పే ముందు ఆ పని మీరు చేయవచ్చో లేదో చూసుకోండి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 43లో పైలట్ స్వయంగా చేసుకోదగ్గ ప్రివెంటివ్ మెయింటెనెన్స్ పనుల జాబితా ఉంది. పొజిషన్ లైట్ల (రెక్కల చివర, తోకలో ఉండేవి), ల్యాండింగ్ లైట్ల బల్బులు, రిఫ్లెక్టర్లు, లెన్స్‌లు మార్చడం, ల్యాండింగ్ లైట్ సర్క్యూట్‌లో తెగిన వైరు వెతికి బాగుచేయడం అందులో ఉన్నాయి. స్ట్రోబ్ (మెరిసే హెచ్చరిక లైటు) పవర్ సప్లై పని అందులో లేదు. ఎస్-ఎల్ఎస్ఏ (కంపెనీయే పూర్తిగా తయారుచేసి అమ్మిన లైట్ స్పోర్ట్ విమానం) అయితే మామూలు బల్బు తీసి ఎల్ఈడీ పెట్టడానికి కూడా విమానం తయారుచేసిన కంపెనీ అనుమతి గానీ, ఎఫ్ఏఏ ఒప్పుకునే వ్యక్తి అనుమతి గానీ కావాలి. విమానాన్ని రాత్రి నడపవచ్చో లేదో దాని ఆపరేటింగ్ లిమిటేషన్స్‌లో, పీఓహెచ్‌లో (పైలట్ హ్యాండ్‌బుక్‌లో) రాసి ఉంటుంది. లైట్లు ఉన్నాయి కదా అని అనుమతి ఉన్నట్టు కాదు.

ఇక అసలు విషయం. మన ఊళ్లలో ఇంటి ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావు రాగి తీగ చుట్టేయడం అందరం చూసిందే. విమానంలోనూ చాలామంది అదే చేస్తున్నారు. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. 22 గేజ్ వైరుకు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) 5 ఆంప్‌ల బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్), 20 గేజ్‌కు 7.5, 18 గేజ్‌కు 10 అని ఎఫ్ఏఏ సర్క్యులర్ 43.13 పట్టికలోనే ఉంది. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో వైరు రాసుకుపోయి లోహానికి తగులుతోంది, లేదా హోల్డర్‌లో తుప్పు పట్టింది, లేదా ఎవరో ఎక్కువ వాట్ల బల్బు పెట్టారు. 12 వోల్టుల్లో 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంప్‌లు లాగితే, 100 వాట్లది 8 దాటుతుంది. ఆ కారణం వెతకకుండా పెద్ద ఫ్యూజు పెడితే లైటు వెలుగుతుంది. దాంతో బాగైపోయిందనుకుంటారు. నిజానికి ఇక అక్కడ కాలేది వైరే. అది కూడా మీకు కనిపించని చోట, చాలా విమానాల్లో పెట్రోలు ట్యాంకు ఉండే రెక్కలో.

లైటు మసకగా ఉన్నా, వెలిగి ఆరుతున్నా ముందు గ్రౌండ్ వైరును, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారిని అనుమానించండి. కాంపోజిట్ (ఫైబర్‌గ్లాస్ లాంటి వాటితో చేసిన) విమానాల్లో బాడీ కరెంటును మోయదు, ప్రతి లైటుకూ విడిగా గ్రౌండ్ వైరు వెనక్కి రావాలి. బల్బు తీసేసి మీటర్ పెడితే తుప్పు పట్టిన కనెక్షన్ కూడా 12 వోల్టులు చూపిస్తుంది. దాన్ని నమ్మి కొత్త బల్బులు కొంటూ పోయినవాళ్లను చూశాను. బల్బు వెలుగుతుండగానే దాని గ్రౌండ్ టెర్మినల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే తప్పు బల్బుది కాదు, గ్రౌండ్‌ది.

మిగతావి, ఒక వరస లేకుండా:

స్ట్రోబ్ స్విచ్ కట్టేశాక కనీసం 5 నిమిషాలు ఆగాకే దాని కనెక్టర్ ముట్టుకోండి. జినాన్ స్ట్రోబ్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, మనిషి ప్రాణం తీయగలవు.

వైర్ల పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కొలతలకు మాత్రమే మళ్లీ తగిలించండి.

పొజిషన్ లైట్లు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, తోక తెలుపు. బిగించాక విమానం చుట్టూ నడిచి కళ్లతో చూడండి.

ఎల్ఈడీ పెట్టాక రేడియో ఆన్ చేసి, స్క్వెల్చ్ (రేడియో రొదను అణచే సెట్టింగ్) సరిచూసి, ఒక్కో లైటు వేయండి. బరబర శబ్దం వస్తే ఆ లైటుతో ఎగరొద్దు. రాత్రి టవర్ మాట వినపడకపోవడం లైటు లేకపోవడం కన్నా ప్రమాదం.

హాలోజెన్ బల్బు గాజును వట్టి చేత్తో పట్టుకోవద్దు.

హార్డ్‌వేర్ షాపు పీవీసీ వైరు వాడొద్దు. కాలితే దాని పొగ విషం. టెఫ్‌జెల్ (విమానాలకు వాడే, వేడి తట్టుకునే పూత ఉన్న) వైరే వాడండి.

వైరు రంధ్రం గుండా వెళ్లే ప్రతిచోటా గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రబ్బరు రింగు) ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టేదాకా ఎగరొద్దు.

మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ కనిపిస్తే కత్తిరించేయండి. సరైన టూల్‌తో క్రింప్ చేయండి, అంటే లోహపు కనెక్టర్‌లో పెట్టి నొక్కి బిగించండి.

ఎక్కువ లైట్ స్పోర్ట్ విమానాల్లో ఉండే రోటాక్స్ 912 ఇంజిన్ సొంత జనరేటర్ ఇచ్చేది సుమారు 250 వాట్లు, ఐడిల్‌లో ఇంకా తక్కువ. ఒక్క 100 వాట్ల ల్యాండింగ్ లైటు అందులో ఎంత తింటుందో లెక్క వేసుకోండి.

గాల్లో బ్రేకర్ ట్రిప్ అయితే లైటు కోసం దాన్ని మళ్లీ నొక్కొద్దు. లైటు లేకుండా దిగడం శిక్షణలో నేర్చుకున్నారు, అలాగే దిగండి.

కాలిన వాసన వస్తే మాస్టర్ ఆఫ్. వాసన పోయిందని మళ్లీ ఆన్ చేసి చూడొద్దు.

ఫ్యూజు పెంచొద్దు. ‘ఈ ఒక్క ట్రిప్‌కే’ అన్నా పెంచొద్దు. స్నేహితుడు పెంచుకున్నాడన్నా, ఏమీ కాలేదన్నా పెంచొద్దు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న విమానమైతే ఈ వారాంతమే ప్రతి ఫ్యూజునూ బయటికి తీసి మాన్యువల్‌లోని విలువతో పోల్చండి. తేడా ఉంటే సరైన ఫ్యూజు పెట్టండి. అది పోతే ఆ లైటును వాడటం ఆపి మెకానిక్‌ను పిలవండి.

లాగ్‌బుక్‌లో ఏం చేశారో, ఏ తేదీన చేశారో రాసి, మీ సర్టిఫికెట్ నంబరు, రకం వేసి సంతకం పెట్టండి. పక్కనే ఫ్యూజు ఎన్ని ఆంప్‌లదో కూడా రాయండి.