మార్చింది 3 లైన్లు, చూపించింది 800

మాది అంబాజీపేట. వానకి కరెంటు పోయేలోపు పంపేయాలన్న తొందరలో ఓ ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టుకి నా మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు కలుపుకోమనే విన్నపం, పెట్టేశాను. తెలుగు ఒత్తులు విడిపోయి కనబడే చిన్న తప్పుని సరిచేశాను. మార్చింది 3 లైన్లే. తీరా చూస్తే 800 లైన్ల ఫైలు మొత్తం మారినట్టు ఎర్రగా (తీసేసినవి), పచ్చగా (చేర్చినవి) ఉంది. ఒకటే టెన్షన్.

కాకినాడలో ఉన్న మా బావకి ఫోన్ చేశాను.

"వాళ్ల కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదివావా?"

"లేదు బావా."

"మరింకేం!"

కోడు పంపేవాళ్లకి నియమాలుండే ఆ ఫైల్లోనే ఉంది, లైను చివర ఎల్‌ఎఫ్ (లైను ముగిసిందని చెప్పే గుర్తు) మాత్రమే ఉండాలని. నా విండోస్ ఎడిటర్ దాని ముందు సీఆర్ అనే ఇంకో గుర్తు చేర్చి, సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో సేవ్ చేసింది. కంటికి కనబడని ఆ ఒక్క గుర్తు చేరితే చాలు, మార్పుల లెక్క చూసే గిట్‌కి ప్రతి లైనూ కొత్తదే. నా ఎడిటర్ వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉన్నచోట నొక్కి, ఎల్‌ఎఫ్ ఎంచుకుని సేవ్ చేశాను. కొత్త రిక్వెస్ట్ అక్కర్లేదు (నేనైతే పాతది మూసేయబోయాను). ముందు సేవ్ చేసిన మార్పుల మూటని, అంటే పాత కమిట్‌నే అమెండ్ చేసి (సవరించి), అదే బ్రాంచికి (కోడులో నా శాఖకి) ఫోర్స్ పుష్ చేస్తే, అంటే పాతదాని మీద బలవంతంగా పంపితే, తేడా 3 లైన్లకి దిగింది.

ప్రాజెక్టువాళ్లు కమిట్ సందేశంలో సైన్డ్ ఆఫ్ బై లైను కూడా అడిగారు. ఈ కోడు ఇచ్చే హక్కు నాకుందని హామీ అన్నమాట. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లో 2004లో మొదలైన పద్ధతి. అమెండ్‌కి హైఫన్ ఎస్ (-s) తగిలిస్తే ఆ లైను దానంతటదే పడింది.

ఇప్పుడు నా మార్పు పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ కోడు రాయమంటున్నారు. కరెంటు రానీ, చూద్దాం.