పాత ఇంగ్లీషు నవలలో తెలిసిన మాటే తిప్పలు పెడుతుంది

స్పానిష్ లాటిన్ నుంచి పుట్టిన భాష. అందుకే అది మాట్లాడేవాళ్లు ఇంగ్లీషు నవల తెరిస్తే లాటిన్ నుంచి వచ్చిన మాటలు చాలావరకు చుట్టాల్లా పలకరిస్తాయి. మనకు ఆ చుట్టరికం లేదు. మన ఇళ్లల్లో ఎప్పుడో స్థిరపడ్డ ఇంగ్లీషు మాటలే మనకు ఆధారం. చిక్కేమిటంటే అవి ఇక్కడ వేరే అర్థానికి అలవాటు పడిపోయాయి. క్యారేజీ అంటే మనకు అన్నం పట్టుకెళ్లే గిన్నెలు, నవలలో గుర్రబ్బండి. సెంటిమెంట్ మనకు శకునం లాంటిది, అక్కడ అభిప్రాయం. పార్లర్ అంటే అక్కడ వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గది. స్టేషన్ చాలాచోట్ల సంఘంలో హోదా. తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగుతారు. వీటి దగ్గర ఆగరు, తప్పు చదివామని కూడా తెలీదు.

ముందు పుస్తకం సరిపోతుందో లేదో చూసుకోండి. మధ్యలో ఒక పేజీ తీసి తెలియని మాటలు లెక్కపెట్టండి. పేజీకి సుమారు 250 మాటలుంటే, 5 లోపు తెలియనివైతే హాయిగా సాగుతుంది. 12 దాకా అయితే నిఘంటువుతో నెట్టుకురావచ్చు. దాటితే పక్కన పెట్టి కథల సంపుటి తీసుకోండి. కాపీహక్కులు తీరిన నవలలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మొదటిసారి నిఘంటువు ముట్టుకోకుండా చదవాలి. ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరంలో దిగేలోపు ఒక అధ్యాయం అయిపోతుంది. తెలియని మాట పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టండి (గ్రంథాలయం పుస్తకమైతే చీటీ మీద). అదే మాట రెండోసారి ఎదురైతేనే అర్థం వెతకండి. మొదటి పేజీలోనే ముప్పై మాటలు నోటుబుక్కులో ఎక్కించినవాళ్లు నాలుగో పేజీ దాటరు. షెయిజ్, గిగ్, బరూష్, ఫేటన్ అన్నీ బళ్లే. జట్కాకీ రెండెద్దుల బండికీ ఉన్నంత తేడా వాటి మధ్యా ఉంటుంది గానీ, "బండి" అనుకుని ముందుకు పొండి.

నోటుబుక్కులో రోజుకు 5 మాటలు చాలు. ఒక్క మాట కాదు, అది వచ్చిన వాక్యం మొత్తం రాయండి. పక్కన అక్కడి అర్థం, ఆ పక్కన ఇవాళ్టి అర్థం. తెలుగు మీ ఇంటి మాటలోనే ఉండాలి. హేస్ట్‌కి "త్వరితగతి" అని రాస్తే మళ్లీ దానికో అర్థం వెతుక్కోవాలి. "బేగి" అని రాయండి.

1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొదటి వాక్యమే చూడండి. మంచి "ఫార్చ్యూన్" ఉన్న పెళ్లికాని మగవాడు భార్య "ఇన్ వాంట్ ఆఫ్" ఉండి తీరాలి అంటుంది. ఫార్చ్యూన్‌ని అదృష్టం అనుకుంటే వాక్యంలోని చురుకు పోతుంది, అక్కడది ఆస్తి. వాంట్ కూడా కోరిక కాదు, లేమి. అతను పెళ్లాం కావాలని అడగలేదు. అతనికి పెళ్లాం కొరవడిందని ఊరే తేల్చేసింది. ఆడపిల్లలున్న మన వీధుల్లో ఈ లెక్క ఎవరికీ కొత్త కాదు.

ఇలాంటి పాత అర్థాలు ఫోన్‌లోని యాప్‌లో దొరక్కపోతే బ్రౌన్ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు చూడండి. అది 1850ల నాటిది, అంటే ఆ నవలల కాలానిదే. దాని తెలుగు కాస్త గ్రాంథికం, అంతే.

రాసుకున్న వాక్యాన్ని మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు చూడాలి. మాట మూసి, వాక్యాన్ని బట్టి అది గుర్తొస్తుందా అని చూసుకోవాలి. మాట చూసి అర్థం చెప్పేయడం తేలిక, అది లెక్కలోకి రాదు.

ఆ మాటే ఇవాళ్టి ఇంగ్లీషు పేపర్లో అదే అర్థంతో కనిపిస్తే టిక్కు పెట్టండి. టిక్కు పడ్డవే నోటితో వాడాలి, మిగతావి చదవడానికే. లేకపోతే విజయనగరంలో ఇంకో గిరీశం తయారవుతాడు. కండిసెన్షన్ అప్పట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లతో కలుపుగోలుగా ఉండటాన్ని మెచ్చుకునే మాట. ఇప్పుడు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న ఆఫీసరును కండిసెండింగ్ అన్నారంటే, మమ్మల్ని చులకనగా చూస్తున్నారని ఆయన మొహం మీదే చెప్పినట్టు.